జర్మనీ పుస్తకంలో మా మామ చెయ్యి

జర్మనీలో ఉన్న ఒక మనిషిని వెతకడం కోసం నేను నకిరేకల్‌లో బస్సెక్కి, మోత్కూర్, తిరుమలగిరి తిరిగి, పాలమూరు దాకా పోయి వచ్చాను. విమానం అవసరం పడలేదు. టికెట్ ఖర్చు కూడా కాలేదు, సర్కారు బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ కదా. పక్క సీట్లో కూర్చున్న మా మామ మాత్రం బస్సెక్కిన ప్రతిసారీ పూర్తి టికెట్ కొని, నా వైపు గుర్రుగా చూశాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. పేరు మల్లయ్య అనుకుందాం. అసలు పేరు అది కాదు. ఆయన బేరాలు చేసే వారపు అంగడి ఏదో కూడా చెప్పను. పేర్లు మార్చి రాయడమనే విద్య జర్మనీ పరిశోధకుల దగ్గర ఈ యాత్రలోనే నేర్చుకున్నాను. "రాసుకో బిడ్డా, దళారులు పుస్తకాలు సదువుతరా ఏంది" అని మామ ధీమాగా ఒప్పుకున్నాడు.

మామ గొర్రెల దళారి. మా వైపు గొర్రెలు, మేకలు అమ్మే జీవాల అంగట్లో ధర నోటితో చెప్పరు. అమ్మేవాళ్ల తరఫున ఒక దళారి, కొనేవాళ్ల తరఫున ఒక దళారి నిలబడి, ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాల కప్పుకుంటారు. లోపల వేళ్లు పట్టుకుంటారు, నొక్కుతారు, విదిలిస్తారు. పైన మాత్రం వానల సంగతి, పెళ్లిళ్ల సంగతి మాట్లాడుకుంటూ ఉంటారు. ఏ వేలు ఎట్లా పడితే ఎంత ధర అన్నది ఆ అంగడి దళారులకే తెలుసు. పరాయివాడికి చెప్పనని, పనిలోకి దిగిన రోజే పొట్టేలు తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేస్తారు. ఒట్టు తప్పినవాడికి తువ్వాల కింద ఎవరూ చెయ్యి ఇవ్వరు. చెయ్యి దొరకని దళారి ఇంట్లో కూర్చోవలసిందే.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక, సర్కారు గొర్రెలు పంచిన రోజుల్లో, హన్నా అనే జర్మనీ అమ్మాయి మామ ఇంట్లో ఒక చలికాలమంతా ఉంది. అంగళ్ల మీద డాక్టరేటు చేస్తున్నానని చెప్పింది. మామకు పిల్లలు లేరు. ఆ పిల్ల మామా అని పిలిచేసరికి మనిషి కరిగిపోయాడు. తువ్వాల కింది లెక్క నేర్పమని ఆమె అడిగితే ఒట్టు అడ్డం వచ్చింది. దానికి మామ ఒక ఉపాయం కనిపెట్టాడు. తను అత్త చెయ్యి పట్టుకుని తువ్వాల కింద నొక్కేవాడు. అత్త ఇంకో చేత్తో, కొంగు కింద, అదే పట్టు హన్నాకు అందించేది.

"నేను నా పెండ్లానికి చెప్పిన. పెండ్లాం పరాయిదా?" అని మామ వాదన. ఈ వాదన అంగట్లో చెల్లదని ఆయనకూ తెలుసు.

ఇన్నేళ్ల తర్వాత, మామకు ఎప్పుడూ పోటీగా ఉండే వెంకటయ్య అనే దళారి ఒక మాట మోసుకొచ్చాడు. పట్నంలో ఉన్న అతని అల్లుడు ఎక్కడో చూశాడట. మన అంగళ్ల గురించి జర్మనీలో ఒకామె పుస్తకం రాసిందని, అది ఇంటర్నెట్లో అందరికీ ఉచితంగా దొరుకుతుందని. దళారులంతా మామ మీద పడ్డారు. వచ్చే అంగడి నాటికి ఆ పుస్తకం తెచ్చి చదివించు, మన లెక్క అందులో ఉంటే నీ తువ్వాల మడిచి ఇంట్లో పెట్టుకో అన్నారు. మామ నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నేను నకిరేకల్‌లో ఉంటూ దగ్గరి డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేస్తాను. పుస్తకాల దగ్గర కూర్చునే మనిషికి పుస్తకం దొరకదా అని ఆయన నమ్మకం.

నకిరేకల్: నిమ్మసోడా, లెక్కలేనంత మంది హన్నాలు

బస్టాండు పక్కన నిమ్మసోడా తాగుతూ మామకు నా ఫోన్‌లో సంగతంతా చూపించాను. నిమ్మకాయల మార్కెట్ ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ సోడాలో కాయ పిండడానికి ఎవరూ వెనకాడరు.

జర్మనీ వాళ్లలో ఒక మెచ్చుకోవలసిన పద్ధతి ఉంది. డాక్టరేటు చేతికి రావాలంటే రాసిన గ్రంథాన్ని నలుగురికీ అందేలా బయట పెట్టి తీరాలి. చాలామంది తమ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్లోనే పెట్టేస్తారు, ఎవరైనా పైసా ఇవ్వకుండా చదువుకోవచ్చు. మన దగ్గర అటువంటి గ్రంథాలు బీరువాలో ఉంటాయి, తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉంటుంది. మా కాలేజీలో ఆ మనిషిని నేనే కాబట్టి ఈ సంగతి ఢంకా బజాయించి చెప్పగలను.

అక్కడి గ్రంథాలయాలు కలిసి ఉచిత జాబితాలు నడుపుతాయి. ప్రతి ఆచార్యుడికీ ఒక పేజీ ఉంటుంది. అందులో ఫోటో, రాసిన వ్యాసాలు, ఈమెయిల్, విద్యార్థులతో మాట్లాడే సమయం అన్నీ ఉంటాయి. ఒకాయన పేజీలో ఆ సమయం వారానికి ఒక గంట అని రాసి ఉంది.

"వారానికొక్క గంటనా? మరి మిగిలిన దినాలు ఏం జేస్తడు?" అన్నాడు మామ.

"చదువుకుంటడు మామా."

"గంత సదివినంక మాట్లాడనీకి ఒక్క గంటనే మిగిలిందా పాపం."

హన్నా అని వెతికితే హన్నాలు వరదలా వచ్చారు. ఇంటిపేరు మామకు తెలియదు, అత్తకూ తెలియదు. చలికాలమంతా అన్నం పెట్టిన పిల్ల ఇంటిపేరు అడగలేదా అంటే, "అన్నం తినేటోళ్ల ఇంటిపేరు ఎవలడుగుతరే" అన్నాడు. ఆమె మోత్కూర్, తిరుమలగిరి, దేవరకద్ర అంగళ్లలో కూడా తిరిగిందని మాత్రం గుర్తుంది. అక్కడ ఎవరికైనా తెలిసి ఉంటుందని మా ఆశ.

"గొర్రెల సార్లకు ఉత్తరం కొట్టు. గొర్రెల అంగడికొచ్చిన పిల్ల గొర్రె మీద రాయక దేని మీద రాస్తది?" అన్నాడు మామ. నాకూ సబబే అనిపించింది. జర్మన్‌లో గొర్రెను షాఫ్ అంటారు. షాఫ్ మీద పరిశోధన చేస్తున్న ఆచార్యులను ఏరి, హన్నా అనే శిష్యురాలు మీకుందా అని అందరికీ ఈమెయిలు పంపి బస్సెక్కాను.

మోత్కూర్: సరోజ అనే జర్మనామె

మోత్కూర్ అంగట్లో మిర్చి బండి లక్ష్మమ్మకు, మామ ఇంట్లో హన్నా దిగిన పాత ఫోటో చూపించగానే ఆమె మొహం విప్పారింది.

"సరోజ! మా సరోజనే. గా పేరేందో నా నోటికి తిరగలే, నేనే సరోజ అని పెట్టిన. మిర్చిని చాయల ముంచుకొని తినేది, జూస్తుంటే నాకే కడుపుల తిప్పేది. మంచిగున్నదా? పెండ్లయిందా?"

"ఆమె ఇంటిపేరు తెలుసా అక్కా?"

"సరోజకు ఇంటిపేరెందుకు? అందరు గుర్తుపడుతరు."

ప్లేటు మిర్చి ఇరవై రూపాయలు. సరోజ తాలూకు మనుషులమని మా దగ్గర పదే తీసుకుని, పక్కవాళ్లకు చెప్పొద్దంది. నకిరేకల్‌లో నాలుగు ఇచ్చే ప్లేటుకు ఇక్కడ ఐదు ఇస్తారు, కానీ చట్నీ రెండోసారి అడిగితే బండి వెనక నుంచి మనల్ని ఒక చూపు చూస్తారు.

ఫోన్ మోగడం మొదలైంది. జర్మనీ ఆచార్యుల జవాబులు ఒక్కొక్కటే వచ్చి పడ్డాయి. అన్నీ యంత్రం పంపినవే. ఒకాయన సెలవులో ఉన్నాడు, ఒకామె ప్రసూతి సెలవు, ఇంకొకాయన ఏకంగా ఏడాది పాటు పరిశోధన సెలవులో ఉన్నాడు. మన కచేరీల్లో మనిషి ఎందుకు లేడో అటెండరు గుమ్మం దగ్గర నిలబడి చెప్తాడు. వాళ్ల దగ్గర ఆ పని యంత్రం చేస్తుంది, అది కూడా క్షమాపణ చెప్పి మరీ. మామకు ఇది బాగా నచ్చింది. తనకు ఫోన్ చేసేవాళ్లకు కూడా అట్లాంటి జవాబు పెట్టమన్నాడు, ముఖ్యంగా అత్త చేసినప్పుడు.

తిరుమలగిరి: ఒక పొట్టేలు, ఒక పెద్ద సారు

తిరుమలగిరిలో జిరాక్స్ షాపాయన హన్నాకు కాగితాలు తీసి ఇచ్చేవాడట. ఇంటిపేరు చివర మాన్ అని ఉండేదని గట్టిగా చెప్పాడు. నేను సంబరపడిపోయి వెతికాను. జర్మనీలో ప్రతి వీధిలో ఒక మాన్ ఉన్నాడని తేలింది. షాపు అరుగు మీదే కూలబడి, ఆయన భార్య తెచ్చిచ్చిన సర్వపిండి తిన్నాను. నువ్వులు, పల్లీలు దండిగా వేసి, అడుగు ఎర్రగా కాల్చింది. మా ఇంట్లో నేను చేస్తే అడుగు నల్లగా వస్తుంది.

అప్పుడే ఒక ఆచార్యుడి దగ్గర నుంచి నిజమైన జవాబు వచ్చింది. ఆయన గొర్రెల వైద్యంలో పెద్ద మనిషి. హన్నా ఎవరో తనకు తెలియదని, అయినా మారుమూల ప్రాంతం నుంచి గొర్రెల గురించి అడిగినందుకు సంతోషమని, మీ జీవాలకు గిట్టల పుండ్లు వస్తుంటే తన వ్యాసం ఉచితంగా చదువుకోవచ్చని దాన్ని జత చేసి పంపాడు. ఫోన్‌లో తెలుగు చేసి వినిపించాను. మామ నోరు తెరిచి విన్నాడు.

"గీ సారుకు జీవం తెలుసు బిడ్డా. అడుగు, ఎనకకాలు కుంటితే గూడ గిదేనా అడుగు."

అడిగాను. ఆ పుణ్యాత్ముడు వెంటనే జవాబిచ్చాడు, గిట్ట ఫోటో పంపమన్నాడు. మామ అంగట్లోకి పోయి ఎవరిదో కుంటుతున్న పొట్టేలును పట్టుకొచ్చాడు. జర్మనీ డాక్టరు చూస్తాడంటే జనం మూగారు. ఇద్దరు కొమ్ములు పట్టుకున్నారు, ఒకాయన కాలు ఎత్తాడు, నేను వంగి ఫోటో తీశాను. ఆ తర్వాత జరిగింది నాకు సరిగా గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి నేను ఉల్లిగడ్డల కుప్ప మీద ఉన్నాను, ఫోన్ మాత్రం భద్రంగా ఉంది. పొట్టేలు యజమాని నన్ను లేపకుండానే, "సారు ఏమన్నడు మేడం?" అని అడిగాడు.

సారు ఫలానా మందు పెట్టమన్నాడు. చీకటి పడేలోపు తిరుమలగిరిలో నాకు గొర్రెల డాక్టరమ్మ అని పేరొచ్చింది. హన్నా ఆచూకీ మాత్రం రాలేదు.

దేవరకొండ, కల్వకుర్తి దారి

మర్నాడు నల్లగొండ మీదుగా దేవరకొండ, అక్కడి నుంచి కల్వకుర్తి. బత్తాయి తోటలు వెనక్కి పోయి, ఎర్ర నేలలు, గుండ్రాళ్లు, పల్లి చేన్లు మొదలయ్యాయి. మా వైపు హోటల్లో మధ్యాహ్నం అన్నమే పెడతారు. ఇక్కడ ఒక పూరిపాక హోటల్లో జొన్నరొట్టె కావాలా, ఎన్ని అని మాత్రమే అడిగారు. రొట్టె పదిహేను రూపాయలు, దాంతో పచ్చి పల్లీల తొక్కు, ఉల్లిగడ్డ ముక్కలు ఎన్ని అడిగితే అన్ని. రొట్టెలు కొట్టే ఆమె నా చేతి వైపు చూసి, "మీ దిక్కు రొట్టెను చెంచతోని తింటరా?" అంది. నేను రొట్టె ముక్కను తొక్కులో అద్దుకోకుండా తొక్కును చెంచాతో రొట్టె మీద వేసుకుంటున్నానట.

మామ తినలేదు. రొట్టె ముందు పెట్టుకుని తన కుడిచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. దారి పొడవునా నవ్వించిన మనిషి అట్లా అయిపోయేసరికి నాకు గుబులు పుట్టింది.

"మామా, తిను."

"బిడ్డా, అంగట్లకు పోయినంక నాకు చెయ్యి ఇయ్యకపోతే నేనేంది? అందరు నన్ను జూసి మొకం తిప్పుకుంటరు. ఇంట్ల కూసోని గోడ చూసుడేనా?"

"ఆమె రాసి ఉండకపోవచ్చు కదా."

"రాయకపోతే గంతగనం ఎందుకు నేర్చుకున్నది?"

లైబ్రేరియన్‌గా నాకు తెలిసినంతలో, నేర్చుకున్నది రాయకుండా వదిలిన పరిశోధకులను నేను చూడలేదు.

దేవరకద్ర: చంద్రమ్మ పలుపులు

దేవరకద్ర జీవాల సంత మా అంగళ్లకన్నా చాలా పెద్దది. ఎద్దులు ఒక దిక్కు, గొర్రెలు ఒక దిక్కు, మధ్యలో దుమ్ము. ఇక్కడా తువ్వాలలు కప్పుకుని నిలబడిన జంటలు కనిపించాయి. మామ ఒక జంటను ఓరకంట చూసి పెదవి విరిచాడు. వీళ్ల భుజాలు కదులుతున్నాయని, పనితనం లేదని ఆయన తీర్పు.

సంత అంచున చంద్రమ్మ జీవాలను కట్టేసే పలుపులు, మెడ గంటలు పరుచుకుని కూర్చుంది. ఫోటో చూపించగానే గుర్తుపట్టింది. హన్నా సంతకు వచ్చినప్పుడల్లా ఆమె గొనెసంచి మీదే కూర్చునేదట. ఈమె కూడా ఇంటిపేరు చెప్పలేకపోయింది. ఇక లాభం లేదని నేను లేవబోతూ, గొర్రెల గురించి ఆమె ఏమేం అడిగేదని ఊరికే అడిగాను.

చంద్రమ్మ నవ్వింది. "గొర్రెలా? గామె గొర్రె మొకమే జూడలే. పొట్టేలేదో గొర్రేదో తెల్వదు ఆమెకు. పొద్దంత చేతులు జూసుడే. ఎవలు ఎవల చెయ్యి పట్టుకున్నరు, ఎంతసేపు పట్టుకున్నరు, గదే. నా చేతులు గూడ ఫోటో తీసుకున్నది, పలుపు పేనేటప్పుడు."

మామ, నేను మొహాలు చూసుకున్నాం. ఆయన పుట్టినప్పటి నుంచీ గొర్రెల మధ్య బతికాడు. అంగట్లోకి వచ్చిన మనిషి గొర్రె కోసం కాక ఇంకెందుకు వస్తుందన్నది ఆయనకు తట్టలేదు. ఆయన మాట నమ్మి నేను జర్మనీలో ఉన్న గొర్రెల డాక్టర్లందరి తలుపులూ తట్టాను. ఆ పిల్ల చదువుతున్నది మనుషుల గురించి, నోరు తెరవకుండా వాళ్లు మాట్లాడుకునే తీరు గురించి.

అక్కడే, చంద్రమ్మ గొనెసంచి మీద కూర్చుని, షాఫ్ అన్న మాట కొట్టేశాను. చెయ్యి, గుడ్డ, సంత, తెలంగాణ అని జర్మన్‌లో రాసి వెతికాను. మొదటి వరుసలోనే వచ్చింది. హన్నా, చివర మాన్. మానవ శాస్త్రంలో డాక్టరేటు. మొత్తం గ్రంథం ఉచితం.

మామ చంద్రమ్మ దగ్గర అవసరం లేని గంట ఒకటి కొన్నాడు. బేరం కూడా ఆడలేదు.

పాలమూరు: మూడో అధ్యాయం

మహబూబ్‌నగర్‌లో లాడ్జి వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించుకుని చదవడానికి కూర్చున్నాం. తెలుగు చేసే ఉచిత యంత్రం జర్మన్ వాక్యాన్ని నమిలి నమిలి ఉమ్మేస్తుంది. తువ్వాలను అది స్నానపు గుడ్డ అంది. ఇద్దరు పెద్దమనుషులు సంత నడుమ స్నానపు గుడ్డలో చేతులు దాచుకున్నారని చదివినప్పుడు మామ అభ్యంతరం చెప్పాడు.

మూడో అధ్యాయంలో పట్టిక ఉంది. ఒక పక్క చెయ్యి బొమ్మలు, పక్కన అంకెలు. మా అంగడి లెక్క, మొదటి నుంచి చివరి దాకా.

మామ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "సదువు" అన్నాడు మెల్లగా.

చదివాను. ఒక్కో బొమ్మ చూపించి, పక్కన ఉన్న అంకె చెప్పాను. రెండో బొమ్మ దగ్గర మామ కనుబొమ్మలు ముడిపడ్డాయి. నాలుగో దాని దగ్గర కుర్చీలోంచి లేచాడు.

"తప్పు!"

"ఏది?"

"అన్ని తప్పే! ఒక్కటన్న సక్కగ లేదు! బిడ్డా, బతికిన నేను!" అని నా తల నిమిరి, వరండాలో అటూ ఇటూ తిరిగి, కింది హోటల్ నుంచి బోటి కూర, రొట్టెలు తెప్పించి, దారిలో తిననివన్నీ కలిపి తిన్నాడు. నేనూ సంతోషంగా తిన్నాను. బోటి కూరలో కారం పాలమూరు కారం, కళ్లలోంచి నీళ్లు తెప్పించే రకం.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మామ మొహం మళ్లీ మారింది.

"గట్లెట్ల తప్పు రాస్తది? చలికాలమంత నేర్పిన. గింత మందంగ నేర్పిననా నేను? గీ పుస్తకం లోకమంతా సదువుతదా?"

"ఉచితం కదా మామా, ఎవరైనా చదువొచ్చు."

"లోకమంతా తప్పు సదువుతదన్నట్టు! ఇది మీ అత్త పని. నేను నొక్కింది ఒకటి, ఆమె అందించింది ఒకటి."

అత్తకు ఫోన్ చేశాడు. ఆ సంభాషణ మొత్తం ఇక్కడ రాయలేను. అత్త చెప్పిన దాంట్లో పనికొచ్చే ముక్క ఇది: "నా చెయ్యి తప్పు అందియ్యదు. గా పిల్ల వంటింట్ల నాతోని కోడిపుంజును తువ్వాల కింద బేరమాడింది. నన్నే ఓడగొట్టింది. రాకుంటే ఎట్ల ఓడగొడ్తది? నన్నంటవా, ఇంటికి రా చెప్త."

అంటే హన్నాకు లెక్క సరిగ్గా వచ్చు. మరి పుస్తకంలో తప్పెందుకు? ఇక ఆమెనే అడుగుదామని నేను హన్నా పేజీ వెతికాను. ఇప్పుడామె ఒక చిన్న ఊరి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్తోంది. ఈమెయిలు రాశాను. యంత్రం జవాబు రాలేదు. మర్నాడు మధ్యాహ్నం నేరుగా వీడియో కాల్ వచ్చింది.

తెరలో హన్నా కనబడగానే మామ నమస్కారం పెట్టడం మరిచి, "తప్పెందుకు రాసినవే?" అన్నాడు.

హన్నా తెలుగు కొంచెం తుప్పు పట్టింది, అయినా మా ఇంటి తెలుగే. "మామా, నాకు తెలుసు మామా. సక్కగ రాస్తే అందరు సదువుతరు. ఇక్కడ పుస్తకం దాసిపెట్టనియ్యరు. నేను అత్త తల మీద చెయ్యి పెట్టిన, ఎవలకు చెప్ప అని."

"మరి పట్టిక తీసేస్తే అయిపోవు గద?"

"తీసేస్తే ఇంకొకలు వస్తరు. హన్నా రాయలే, మేం రాస్తం అని మళ్ల మీ ఇంటికే వస్తరు. ఇప్పుడు పట్టిక ఉన్నది కదా, ఇంక ఎవలు రారు."

ముందుమాటలో, మనుషుల మేలు కోసం పేర్లు, ఊర్లు, కొన్ని వివరాలు మార్చానని ఒక వాక్యం రాసిందట. అటువంటి వాక్యం వాళ్ల గ్రంథాలన్నింటిలో ఉంటుంది, ఎవరూ ఆగి చదవరు. నేనూ చదవలేదు.

మామ ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "తిన్నవా బిడ్డా?" అన్నాడు. అక్కడ అప్పుడు పొద్దున్నే. ఆమె తినలేదు. తినమని గట్టిగా చెప్పి పెట్టేశాడు.

అంగడి

అంగడి రోజు దళారులు చింతపండు బస్తాల పక్కన కూర్చున్నారు. నేను పుస్తకం తెరిచి చదివాను. అంగట్లో అందరికన్నా అనుభవం ఉన్న దళారి తనకు అంగడంతా తిప్పి చూపించాడని హన్నా రాసిన వాక్యం దగ్గర ప్రతి ఒక్కరూ భుజం మీద తువ్వాల సర్దుకున్నారు. పట్టిక దగ్గరికి రాగానే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత నవ్వు మొదలైంది. వెంకటయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓ మల్లయ్యా, గిదా జర్మనీ సదువు? గీ లెక్కతోని పోతే మేకపిల్ల కాడ ఏనుగు ధర చెప్తది గద!"

అందరూ మామ భుజం తట్టారు. మామ ఏం చెప్పలేదని తేలిపోయింది, ఆమే ఏదో ఊహించి రాసుకుందని పెద్ద దళారి తీర్పిచ్చాడు. మామ చెయ్యి మామకు దక్కింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ వెంకటయ్య వదల్లేదు.

"చలికాలమంత మీ ఇంట్లనే ఉన్నది గద. పొద్దంత అంగట్లనే కూసున్నది. ఒక్కటన్న పట్టలేకపోయింది. గంత మొద్దా గా పిల్ల?"

మామ నోరు తెరవబోయాడు. ఆయన నోటి చివర ఏ మాట ఉందో నాకు తెలుసు. ఆమె మొద్దు కాదు, మీ అందరికన్నా బాగా వచ్చు, మా ఆవిడనే ఓడగొట్టింది. ఆ మాట బయటికొస్తే అంతా పోతుంది. నేను చెప్పు కాలితో ఆయన కాలు తొక్కాను. అందరూ జవాబు కోసం చూస్తున్నారు.

"మొద్దే" అన్నాడు మామ. "ఉత్త మొద్దు. తిండికి తప్ప దేనికి రాలే."

అందరూ నవ్వారు. వెంకటయ్య తువ్వాల పరిచి చెయ్యి చాపాడు. మామ తన చెయ్యి లోపలికి పెట్టాడు. ఆ రోజు ఆయన చేసిన బేరం ఎంతకు తెగిందో నాకు తెలియదు, అడగాలనిపించలేదు. నాకు ఆయన మీద జాలీ, గర్వమూ రెండూ కలిగాయి.

ఇంటికొచ్చాక హన్నాకు జరిగినదంతా రాశాను, మామ అన్న ఆ మాట ఒక్కటి తప్ప. ఆమె జవాబు కొన్నాళ్లకు వచ్చింది. దాన్ని మామ ఇంటి వాకిట్లో కూర్చుని చదివి వినిపించాను. అత్త బియ్యం చెరుగుతోంది.

మామ చెయ్యి మామకు ఉన్నందుకు తనకు సంతోషమని రాసింది. తన గ్రంథాన్ని పరీక్షించిన ఆచార్యుడు పట్టిక దగ్గర ఆగి, ఇది పొంతన లేకుండా ఉంది, నీకు సరిగ్గా అర్థమైందా అని అడిగాడట. కొన్ని వివరాలు మార్చానని చెప్పింది, ఏవి మార్చిందో, అసలువి ఏమిటో చెప్పలేదు. చెప్పకపోతే నేనెట్లా నమ్మాలని ఆయన మార్కులు తగ్గించాడు, వాళ్ల దగ్గర డాక్టరేటుకూ మార్కులుంటాయి. ఆ మార్కుల వల్ల పెద్ద ఊళ్లో ఉద్యోగం రాలేదు, ఈ చిన్న ఊరే బాగుంది, ఇక్కడ గొర్రెలు కూడా ఉన్నాయి అని నవ్వు బొమ్మ పెట్టింది.

అత్త చేట పక్కన పెట్టింది. మామ లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు.

"పొట్టేలు మీద ఒట్టు పెట్టి తప్పింది నేను గదనే. మార్కులు ఆమెకు తగ్గిచ్చిన్రా?"